టమాటా దిగుతుంది.. టిఫిను దిగదు

నందిని నీలం పాల ప్యాకెట్టు చరిత్ర తెలిస్తే బెంగళూరు మధ్యతరగతి చరిత్ర సగం తెలిసినట్టే. 2023 జులైలో లీటరు 39 రూపాయలు. ఆగస్టు 1 నుంచి 42. మరుసటి ఏడాది జూన్ 26న కర్ణాటక పాల సమాఖ్య ఒక కొత్త ఎత్తు వేసింది. ధర రెండు రూపాయలు పెంచి, దాంతోపాటు ప్యాకెట్టులో 50 మిల్లీలీటర్ల పాలు కూడా ఎక్కువ పోసింది. అరలీటరు ప్యాకెట్టు 550 మిల్లీలీటర్లయింది, ధర 24 రూపాయలు. ‘ఇది పెంపు కాదు, ఎక్కువ పాలకు ఎక్కువ డబ్బు’ అన్నది ప్రభుత్వం. ఎవరూ అడగని ఆ మూడు గుక్కల పాలూ అలవాటైపోయాయి. 2025 ఏప్రిల్ 1న అవి మాయమయ్యాయి. అరలీటరు మళ్లీ 500 మిల్లీలీటర్లే, ధర మాత్రం అదే 24 రూపాయలు. లీటరు ప్యాకెట్టు 46 అయింది.

నెయ్యిది ఇంకో కథ. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గినప్పుడు లీటరు నందిని నెయ్యి 650 నుంచి 610కి దిగింది. పేపర్లన్నీ రాశాయి. దీపావళి వెళ్లిన రెండు వారాలకు, నవంబరులో, అదే నెయ్యి 700 అయింది.

ఈ తగ్గుదలకూ పెంపుకూ మధ్య గడిచిన 2025 అక్టోబరు నెల లెక్కల ప్రకారం దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 0.25 శాతం. ఆ సూచీ మొదలైన తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. ఆహార పదార్థాల ధరలైతే అంతకుముందు ఏడాది కంటే అయిదు శాతం తగ్గాయి. సరిగ్గా ఏడాది కిందట, 2024 అక్టోబరులో, అదే ఆహార ద్రవ్యోల్బణం దాదాపు 11 శాతం. అంటే ధరలు కొండెక్కి దిగాయన్నమాట. లెక్క తప్పు కాదు. కందిపప్పు దిగింది, ఉల్లి దిగింది, టమాటా దిగింది. మరి మల్లేశ్వరంలోనో మారతహళ్లిలోనో టిఫిను హోటలు గోడ మీది బోర్డులో ఒక్క అంకె అయినా దిగిందా?

ఇంటి ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు రకాల ధరలను ఒకే గంపలో వేసేస్తున్నాం. ఒకటి ఊగే ధర, ఇంకోటి ఎక్కడమే తప్ప దిగడం తెలియని ధర. గోల చేసేది మొదటిదాని మీద. జేబుకు చిల్లు పెట్టేది రెండోది.

కోలారు బాక్సు

ఊగే ధరకు రాజు టమాటా. ఆ రాజ్యం మన ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు మీదే ఉంది. అటు మదనపల్లె, ఇటు కోలారు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఈ రెండూ ముందు వరుసలోవి. వాటి మధ్య దూరం వంద కిలోమీటర్ల లోపే. బెంగళూరు వంటింటికి టమాటా ఎక్కువగా వచ్చేది ఈ నేల నుంచే.

2023 వేసవిలో ఈ మార్కెట్లలో కిలోకు అయిదు రూపాయలు కూడా పలకక రైతులు టమాటాలను రోడ్ల పక్కన పారబోశారు. కడుపుమండి చాలామంది తర్వాతి పంట వేయలేదు. వేసినవాళ్ల తోటల్ని ఎండలు, ఆకుముడత వైరసు, తర్వాత వానలు కలిసి తినేశాయి. జులై వచ్చేసరికి కోలారు మండీలో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది. నెలాఖరుకు మదనపల్లెలో మొదటి రకం కిలో 190 దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయలకు రాయితీ మీద అమ్మింది. ఉత్తరాదిన మెక్‌డొనాల్డ్స్ బర్గర్లలో టమాటా ముక్క మానేసింది. బెంగళూరులోనైతే ఏకంగా దారిదోపిడీ జరిగింది. చిత్రదుర్గ జిల్లా హిరియూరు నుంచి కోలారుకు రెండు టన్నులకు పైగా టమాటాలతో వెళ్తున్న బండిని నగరంలో అటకాయించి, రైతును దింపేసి, సరుకు తమిళనాడుకు తోలుకెళ్లి అమ్ముకున్నారు. తర్వాత పట్టుబడినవాళ్లలో భార్యాభర్తలు కూడా ఉన్నారు. బంగారం దుకాణాన్ని వదిలి టమాటా బండిని దోచే రోజొకటి వస్తుందని ఎవరనుకున్నారు!

సెప్టెంబరుకల్లా టమాటా మళ్లీ రోడ్డు పాలు. ఈసారి కూడా పారబోసింది రైతులే.

నాటిన రెండున్నర మూడు నెలల్లో కోతకొచ్చే పంట, నాలుగు రోజులు నిలవ ఉండని పంట ఇలాగే ఊగుతుంది. ధర చూసి అందరూ వేస్తారు, మూడు నెలలకు అందరి కాయా ఒకేసారి వస్తుంది. మన పక్క నుంచి చూస్తే దీనికి మందు వంటింట్లోనే ఉంది. టమాటా మన వంటలోకి వచ్చింది నిన్నమొన్న. దానికి ముందు పులుపు లేక ఎవరూ పస్తులుండలేదు. చింతపండు, మామిడికాయ, చింతచిగురు, గోంగూర, చుక్కకూర.. ఒక్కో నెలకు ఒక్కో పులుపు. రాయలసీమ ఇళ్లలో టమాటా మండిన నెలలో పచ్చిపులుసు, ఉలవచారు తిరిగి పొయ్యెక్కుతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరు వీధుల్లో అనపకాయలు గుట్టలు పోస్తారు. కన్నడంలో అవరెకాయి. నానబెట్టి, పొట్టు పితికి చేసే పితికిపప్పు పులుసు చిత్తూరు, కోలారు, బెంగళూరు మూడింటికీ ఉమ్మడి ఆస్తి. ఆ రెండు నెలలూ కూరగాయల ఖర్చు దానంతటదే తగ్గుతుంది. పితకడానికి ఇంట్లో ఒక అత్తగారో, పని లేని మొగుడో ఉండాలంతే.

లెక్క వేసి చూద్దాం. నలుగురున్న ఇంట్లో నెలకు ఆరు కిలోల టమాటా అనుకుంటే, కిలో 20 ఉన్న నెలలో 120 రూపాయలు, 100 ఉన్న నెలలో 600. తేడా 480. అదీ రెండు నెలల ముచ్చట. రోజుకు లీటరు పాలు కొనే ఇంటికి 39 నుంచి 46కి పెరిగిన పాల మీద నెలకు 210. ఇది ఈ నెలా ఉంటుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. టమాటా మీద టీవీల్లో పది రోజులు చర్చలు పెడతారు. పాల మీద ఒక్క సాయంత్రం పెట్టి మానేస్తారు. పాల విషయంలో మాత్రం ఒక మాట ఒప్పుకోవాలి. 2025 ఏప్రిల్‌లో లీటరుకు పెంచామన్న నాలుగు రూపాయలూ రైతుకే ఇస్తామన్నారు. పల్లెలో ఒకటో రెండో ఆవులున్న ఇంటికి అది కూలి డబ్బు. అందుకే పాల ధర మీద తిట్టే ముందు నా నోరు కొంచెం తడబడుతుంది.

నూనె మాత్రం మన చేతిలో లేదు, రైతు చేతిలోనూ లేదు. వాడేదాంట్లో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరు 14న ముడి వంటనూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పోయింది. 2025 మే చివర్లో 16.5కి తగ్గించారు. పండగ పిండివంటల ఖర్చును ఇప్పుడు ఢిల్లీ నోటిఫికేషన్ నిర్ణయిస్తోంది.

బోర్డు మీది అంకె ఎందుకు దిగదు

కేంద్ర ప్రభుత్వం జరిపిన 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో ఇంటి ఖర్చులో తిండి వాటా 39.68 శాతం. అందులో అన్నిటికంటే పెద్ద పద్దు పాలు కాదు, కూరగాయలు కాదు, బియ్యం అసలే కాదు. పానీయాలు, ఫలహారాలు, తయారుచేసిన తిండి. మొత్తం ఇంటి ఖర్చులో ఒక్క దానికే 11 శాతం పైన. గ్యాసు వెలిగించకుండా తిన్న టిఫినూ భోజనమూ ఈ పద్దులోవే.

ఇడ్లీ ప్లేటు ధరలో బియ్యం, మినప్పప్పు వాటా ఎంతో వంట తెలిసిన ఎవరైనా వేళ్ల మీద చెప్పగలరు. మిగతాదంతా అద్దె, జీతాలు, గ్యాసు, కరెంటు, పన్ను. కందిపప్పు కిలోకు అరవై తగ్గితే సాంబారు గిన్నెకు తగ్గేది చిల్లర పైసలు. భవనం యజమాని మాత్రం అద్దె తగ్గించడు. ఉడుపి నుంచో ఉత్తరాది నుంచో వచ్చిన వంట మాస్టరు జీతం తగ్గించుకోడు, తగ్గించుకోనూ కూడదు.

పన్ను సంగతి ఇంకా తమాషా. మామూలు హోటలు బిల్లు మీద మనం కట్టేది 5 శాతం జీఎస్టీ. కానీ ఈ 5 శాతం లెక్కలో ఉన్న హోటలుకు తాను కట్టిన పన్నును వెనక్కి తీసుకునే వీలు లేదు. వాణిజ్య గ్యాసు సిలిండరు మీద 18 శాతం, దుకాణం అద్దె మీద 18 శాతం. ఇవన్నీ చప్పుడు లేకుండా చట్నీలో కలిసిపోతాయి. 2017 నవంబరుకు ముందు ఏసీ హోటళ్లలో పన్ను 18 శాతం ఉండేది, దాన్ని వెనక్కి తీసుకునే వీలూ ఉండేది. పన్ను అయిదుకు దించి ఆ వీలు తీసేయగానే చాలాచోట్ల మెనూ ధర పెరిగింది. జనం కట్టే మొత్తం మాత్రం ఉన్నచోటే నిలిచింది.

కాఫీదీ ఇదే వరస. బ్రెజిల్‌లో కరవు, వియత్నాంలో దిగుబడి తగ్గుదల కలిసి 2025 ఫిబ్రవరిలో అరేబికా ధర అంతర్జాతీయ మార్కెట్లో పౌనుకు నాలుగు డాలర్లు దాటింది. అలాంటి ధర అంతకుముందెన్నడూ లేదు. చిక్కమగళూరు తోటలో కాసిన గింజకైనా న్యూయార్క్‌ ధరే గీటురాయి. పొడి పెరిగింది, ఏప్రిల్లో పాలు పెరిగాయి. కాఫీలో ఈ రెండు తప్ప ఉండేది చక్కెరే కదా. హోటళ్ల సంఘాలు చేతులెత్తేశాయి.

నిలబడి తిన్న ఊరు

తిండి ఖరీదైనప్పుడల్లా ఈ ఊరు ఏడుస్తూ కూర్చోలేదు. ఏదో ఒకటి కనిపెట్టింది. బెంగళూరు హోటళ్ల చరిత్రను రుచుల చరిత్రగా చెబుతారు గానీ, నన్నడిగితే అది సగం కరువు చరిత్ర.

1924లో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్ (ఎంటీఆర్)నే చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ఇడ్లీకి బియ్యం లేవు. రవ్వతో ప్రయత్నిస్తే పుట్టిందే రవ్వ ఇడ్లీ అని ఎంటీఆర్ వాళ్లు చెప్పుకుంటారు. జీడిపప్పు, కొత్తిమీర పెట్టుకుని దర్జాగా కూర్చున్న ఆ ఇడ్లీ పుట్టుకకు కారణం కొరత.

ఇంకో ముప్పయ్యేళ్లకు ఎమర్జెన్సీ. ధరలు అదుపు చేయాలని ప్రభుత్వం హోటలు తిండికి మరీ తక్కువ రేట్లు కట్టింది. నెయ్యి తగ్గించి, కాఫీ పలచన చేసి నెట్టుకొచ్చినవాళ్లు ఉన్నారు. నాణ్యత తగ్గించడానికి ఒప్పుకోని ఎంటీఆర్ హోటలు తలుపులు మూసింది. పనివాళ్లను ఇంటికి పంపకుండా వాళ్లతో పొడులు, రవ్వ ఇడ్లీ మిక్సులు చేయించి పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టింది. హోటలు మళ్లీ తెరుచుకున్నది 1984లో. ఆ పొట్లాల వ్యాపారం ఎంత పెరిగిందంటే 2007లో నార్వే కంపెనీ ఓర్క్లా దాన్ని కొనుక్కుంది. ప్రభుత్వం బలవంతంగా ధర దించితే తిండి చవక కాలేదు, హోటలు మూతపడి కారప్పొడి ప్యాకెట్టు పుట్టింది. ధరలకు కళ్లెం వేయండి అని ప్రతి సంక్షోభంలోనూ కేకలు వేసేవాళ్లు ఒకసారి ఎంటీఆర్ ఉన్న లాల్‌బాగ్ రోడ్డు మీదుగా వెళ్లి రావాలి.

1983లో జయనగరలో కేఫే దర్శిని తెరిచారు. ఆ ఆలోచన ఆర్. ప్రభాకర్‌ది. కుర్చీ లేదు, సర్వరు లేడు, టిప్పు లేదు. టోకెను తీసుకుని, కిటికీ దగ్గర ప్లేటు అందుకుని, నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి తిని, గిన్నె తొట్టిలో వేసి వెళ్లడమే. కూర్చున్న మనిషి ముప్పావుగంట తీసుకునే చోట నిలబడినవాడు పది నిమిషాల్లో ఖాళీ చేస్తాడు. అదే అద్దె నాలుగు రెట్ల జనం మీద పంచబడుతుంది. రుచి తగ్గించకుండా ధర తగ్గించిన ఉపాయం ఇది. నగరమంతా దర్శినులు మొలిచాయి. ఇవాళ్టికీ బెంగళూరులో బయట తినక తప్పనివాడికి నా మొదటి సలహా ఇదే: కూర్చోకండి. మాల్ పై అంతస్తులో ఇడ్లీకి కట్టే డబ్బులో ఎక్కువ భాగం కుర్చీకి.

ఈ మధ్య దర్శినికీ సోకులొచ్చాయి. గోడకు గుడి బొమ్మలు, దోసె మీద నెయ్యి ధార, వీధి దాకా వరస, వరస మొత్తం సెల్‌ఫోన్లు. నిలబడే తింటున్నారు గానీ ధర కూర్చున్నదే. పాత దర్శినులు మాత్రం వీధి మలుపుల్లో ఇంకా ఉన్నాయి, బోర్డు మీద కన్నడ అక్షరాలు సగం చెరిగిపోయి.

ఆ పాత చోట్లలోనే ఇంకా వినపడే మాట ‘బై టు’. ఒక కాఫీ తీసుకుని రెండు కప్పుల్లో పోయించుకోవడం. అణ్ణా, ఒందు బై టు కొడి! అంటే ఇద్దరు మనుషులు, ఒక బిల్లు, ఎవరికీ నామోషీ లేదు. ఇది పిసినారితనం అని మన జిల్లాల నుంచి కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. మనకు ఇంటికొచ్చినవాడికి గ్లాసు నిండా పోయకపోతే మర్యాద పోయినట్టు. ఆరు నెలలు తిరక్కుండా వాళ్లే బై టు అడుగుతారు. సూపుకి, జ్యూసుకి కూడా అడగొచ్చని తెలిసేసరికి ఏడాది పడుతుంది.

అన్‌లిమిటెడ్ లెక్క

మర్యాద అనగానే ఆంధ్రా భోజనం. 1984లో రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున మొదలైనప్పటి నుంచి అరిటాకు, ముద్దపప్పు, నెయ్యి, కందిపొడి, ఆవకాయ అనేవి బెంగళూరు మధ్యాహ్నంలో భాగమైపోయాయి. కన్నడ మిత్రులు కందిపొడిని గన్‌పౌడర్ అంటూ మనకంటే ఎక్కువ కలుపుకుంటారు. భోజనం ‘అన్‌లిమిటెడ్’. ఇన్ని ధరలు పెరిగిన కాలంలో ఎన్నిసార్లయినా వడ్డిస్తామంటున్నారంటే వీళ్లకేమీ నష్టం రాదా అని అడుగుతుంటారు.

అన్నం మీద నష్టం రాదు. మనిషి కడుపుకు హద్దు ఉంది. మూడోసారి అన్నం పెట్టించుకునేవాడు పదిమందిలో ఒకడు. పప్పు, పొడి, పచ్చడి ముందే కడుపు నింపేస్తాయి. ఆ వరస అలా పెట్టింది పెద్దల జ్ఞానమో వ్యాపార జ్ఞానమో గానీ, గొప్ప జ్ఞానం. హోటలుకు మిగిలేది పక్కన తెప్పించుకునే చిల్లీ చికెన్ మీద, ఫ్రై మీద, శీతల పానీయం మీద. నలుగురు వెళ్లి నాలుగు భోజనాలు చెప్పి, ఒక్క వేపుడు మధ్యలో పెట్టుకుంటే బిల్లు మర్యాదగా ఉంటుంది. నాలుగు స్టార్టర్లతో మొదలుపెడితే భోజనం వచ్చేసరికి ఆకలీ ఉండదు, డబ్బూ ఉండదు. బిల్లు చివర సర్వీసు చార్జీ కలిపి ఉంటే తీసేయమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అది తప్పనిసరి కాదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో చెప్పింది. ఆ ఆదేశాలు చెల్లుతాయని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న తీర్పిచ్చింది.

ఇరవై ఆరో కిలో

మారతహళ్లి, మున్నేకొళాల, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ. ఈ పేటల్లో సాయంత్రం నడిస్తే బెంగళూరులో ఉన్నామో నెల్లూరులో ఉన్నామో తేల్చుకోవడం కష్టం. పీజీ హాస్టళ్లు నడిపేవాళ్లలో మనవాళ్లు దండిగా ఉన్నారు, ఉండేవాళ్లలో ఇంకా దండిగా. గోడ మీద అతికించిన వారం మెనూ చూసి మార్కెట్ ధరలు చెప్పొచ్చు. ఉల్లి పెరిగిన వారం పెరుగు పచ్చడి కీరదోసదవుతుంది. కోడి పెరిగిన ఆదివారం పులుసు పెరుగుతుంది.

పీజీ విడిచి ముగ్గురు కలిసి ఇల్లు తీసుకున్న కుర్రాళ్ల ఆర్థికశాస్త్రం వేరు. హైదరాబాద్ అలవాటు ఒకటి వాళ్లతోపాటు ఇక్కడికొచ్చింది. అది కర్రీ పాయింట్. రైస్ కుక్కర్లో అన్నం పడేసి, సందు చివర రెండు కూరలు, ఒక పప్పు, ఒక చారు పొట్లాలు తెచ్చుకోవడం. ‘అక్కా, ఇవాళ దొండకాయ అయిపోయిందా?’ ‘అయిపోయింది నాయనా, బెండకాయ పట్టుకెళ్లు.’ ఇద్దరి బిర్యానీ డెలివరీ డబ్బుతో ముగ్గురి రెండు పూటలు గడుస్తాయి. హోటలు ధరలో దిగనివన్నీ, అంటే కుర్చీ, ఏసీ, సర్వరు, పెద్ద అద్దె, ఇక్కడ లేవు. ఒక చిన్న గది, రెండు పొయ్యిలు. దర్శినికి ఇది మనవాళ్ల జవాబు అనుకోవచ్చు.

బియ్యం దగ్గర మన తెలివి ఇంకా బాగా కనిపిస్తుంది. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే, పేరు అచ్చువేసిన బియ్యం సంచుల మీద 5 శాతం జీఎస్టీ వచ్చింది. 25 దాటితే లేదు. కొద్ది వారాల్లోనే ఆంధ్ర, తెలంగాణ మిల్లుల నుంచి 26 కిలోల సంచి మార్కెట్లోకి దిగింది. ఒక కిలో బియ్యం ఎక్కువ, పన్ను సున్నా. 1,500 సంచి మీద 75 రూపాయలు మిగులుతాయి. పాల సమాఖ్య 50 మిల్లీలీటర్లు చేర్చి ధర పెంచితే, మిల్లరు కిలో చేర్చి ధర తగ్గించాడు. చిల్లరగా అయిదు కిలోల ప్యాకెట్లు కొనేవాడికే ఆ పన్ను మొత్తం. అంటే ఒంటరిగా ఉండేవాడికి, చేతిలో ఒకేసారి పదిహేను వందలు లేనివాడికి. ముగ్గురు కలిసి ఒక సంచి తీసుకుని, నాలుగు వేపాకు రెబ్బలు, ఎండుమిరపకాయలు వేసి మూత పెడితే చాలు.

ఇక ఊరి నుంచి వచ్చే పార్శిళ్లు. మడివాళలో, ఆనందరావు సర్కిల్లో, మారతహళ్లి వంతెన దగ్గర తెల్లవారుజామున ప్రైవేటు బస్సుల పొట్ట తెరిస్తే ఆవకాయ జాడీలు, కారం డబ్బాలు, కందిపప్పు మూటలు, గోంగూర కట్టలు బయటపడతాయి. ఏ సర్వేలోనూ ఇది ఇంటి ఖర్చు కింద పూర్తిగా కనపడదు. నెలనెలా లక్ష జీతం వచ్చే కొడుక్కి పల్లెలో రెండెకరాలున్న తల్లి ఇస్తున్న రాయితీ ఇది.

చేతిలోని దుకాణం

ఈ ఊళ్లోనే 2014లో శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి, రాహుల్ జైమిని కలిసి స్విగ్గీ మొదలుపెట్టారు. పేర్లు చూస్తేనే తెలుస్తుంది, సగానికి పైగా మన సరుకే. గర్వపడొచ్చు, బిల్లు కూడా చదవొచ్చు. 2023 ఏప్రిల్‌లో ఆర్డరుకు రెండు రూపాయల ‘ప్లాట్‌ఫాం ఫీజు’ పెట్టారు. కొన్ని నెలలకు జొమాటో కూడా పెట్టింది. 2025 ఆగస్టుకు స్విగ్గీలో ఆ ఫీజు 14 రూపాయలు. రెండేళ్ల పైచిలుకులో ఏడు రెట్లు. ఏ టమాటా ఈ ఊపు చూసి సిగ్గుపడదు? ఆపైన 2025 సెప్టెంబరు 22 నుంచి డెలివరీ చార్జీ మీద 18 శాతం పన్ను. వీటన్నిటికీ ముందే, హోటలు కట్టే కమీషను కోసం యాప్‌లో వంటకం ధర చాలాచోట్ల బోర్డు ధర కంటే పైన ఉంటుంది.

ఇక్కడ పాటించదగ్గ పని ఒక్కటే ఉంది. ఆర్డరు నొక్కే ముందు అదే హోటలుకు ఫోన్ చేయడం. నడిచి వెళ్లి తెచ్చుకునే దూరమైతే నడవడం. పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లదీ ఇదే లెక్క. చౌకగా ఉంది కదా అని కొత్తిమీర కట్టకు వెళ్తే, చిన్న ఆర్డరు చార్జీ తప్పించుకోవడానికి ఒక చిప్స్ ప్యాకెట్టు, ఒక ఐస్‌క్రీం బుట్టలో పడతాయి. కేఆర్ మార్కెట్‌కో, మడివాళ సంతకో సంచి పట్టుకుని వెళ్లేవాడికి ఈ రోగం రాదు. సంచి బరువే అతణ్ని అదుపులో పెడుతుంది. అంత దూరం పోలేనివాళ్లకు 1959లో ద్రాక్ష రైతుల సంఘంగా మొదలైన హాప్‌కామ్స్ దుకాణాలు ఇంకా వీధుల్లో ఉన్నాయి. ఆ రోజు ధరలు పలక మీద రాసి పెడతారు. బేరం లేదు, మోసమూ లేదు. పండు కొంచెం వాడి ఉంటుందన్నది పాత ఫిర్యాదు.

2025 జులైలో ఇదే నగరంలో చిన్న బేకరీలు, టీ కొట్ల ముందు ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని అట్టలు వేలాడాయి. యూపీఐ లెక్కలు చూసి వాణిజ్య పన్నుల శాఖ చిన్న వ్యాపారులకు లక్షల్లో నోటీసులిచ్చింది. నిరసనలయ్యాక పాత బకాయిలు వసూలు చేయబోమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రకటించారు. ఊళ్లో తిండి ఇంకా చవగ్గా దొరుకుతున్నది ఆ కొట్ల దగ్గరే. వాళ్ల లెక్కలు ఎంత పెరిగితే మన టీ అంత పెరుగుతుంది. పన్ను ఎగ్గొట్టమని కాదు, కొట్టు మీద పడింది చివరికి గ్లాసులోకి వస్తుందని.

పైకెక్కని బోర్డు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ సర్దుకోగలిగినవాళ్ల సంగతులు. అనంతపురం, కదిరి, పాలమూరు పల్లెల నుంచి వచ్చి బెంగళూరు అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసేవాళ్లకు సర్దుకోవడం అంటే ఒక పూట మానేయడం. 

వాళ్ల కోసం ఈ ఊళ్లో ఒక బోర్డు ఉంది. 2017 ఆగస్టు 16న జయనగరలో రాహుల్ గాంధీ మొదటి ఇందిరా క్యాంటీన్ ప్రారంభించారు. టిఫిను 5 రూపాయలు, భోజనం 10. అప్పటి నుంచి పాలు, గ్యాసు, కాఫీ, మెట్రో టికెట్టు అన్నీ ఎక్కాయి. ఈ అయిదూ పదీ మాత్రం ఎక్కలేదు. అయితే దిగని ధర లాగే ఎక్కని ధరకూ ఎవరో ఒకరు మూల్యం కట్టాలి. నగరపాలక సంస్థ నుంచి కాంట్రాక్టర్లకు బకాయిలు పేరుకున్న రోజులున్నాయి. మూతపడిన క్యాంటీన్లూ ఉన్నాయి. తమిళనాడు అమ్మ క్యాంటీన్లు దీనికి నమూనా. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు వచ్చి, మరుసటి ఏడాది ప్రభుత్వం మారగానే మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరుచుకున్నాయి. పూట భోజనం 5 రూపాయలు. హైదరాబాద్‌లో 5 రూపాయల భోజనం 2014 నుంచే ఉంది. ఎన్నికల ఫలితాలకూ కూలీ మధ్యాహ్న భోజనానికీ మధ్య ఇంత దగ్గరి సంబంధం ఉండటం నాకు మింగుడుపడని విషయం.

ఇందిరా క్యాంటీన్ దగ్గర వరసలో కూలీలతోపాటు ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు, ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం వెతుక్కుంటున్న పిల్లలు కనిపిస్తారు. యాప్‌లో నాలుగు వందల బిర్యానీని అయిదో అంతస్తుకు చేర్చినవాడు పది రూపాయల అన్నం తింటాడు.

ఇంకొకటి ఉంది, వలస వచ్చిన చాలామందికి తెలియదు. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఆంధ్రలోనో తెలంగాణలోనో కార్డున్న కుటుంబం, ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పథకం కింద బెంగళూరు రేషను దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా తీసుకోవచ్చు. మనిషికి నెలకు అయిదు కిలోలు, ఉచితం. ఊళ్లో ఉన్న ముసలివాళ్లు కొంత, ఇక్కడున్నవాళ్లు కొంత విడివిడిగా తీసుకునే వీలూ ఉంది. రాష్ట్రం ఇచ్చిన కార్డు కేంద్రం జాబితాలో లేకపోతే కుదరదు కాబట్టి, బయల్దేరే ముందే ఊరి డీలరు దగ్గరో సచివాలయంలోనో అడిగి తెలుసుకోవడం మేలు. అన్నభాగ్య కింద కర్ణాటక తన కార్డుదారులకు అదనంగా ఇచ్చేది వీళ్లకు రాదు. సొంత రాష్ట్రం రాయితీ మీద ఇచ్చే కందిపప్పు, చక్కెర కూడా ఇక్కడ ఇవ్వరు. బియ్యం వరకు వేలిముద్ర సరిపోతుంది. పప్పు మాత్రం కొట్లో, ఆ రోజు ధరకు కొనుక్కోవాల్సిందే.